చిరివేరు ఎరుపు ఎవరిది? విదేశీ మార్కెట్లో మన చేతిపని, మన పేరు లేని కాగితం

గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలు పెడనలో ఆగుతుంది. దిగి ఊళ్లోకి వెళ్తే మగ్గాలు, వాటి పక్కనే అద్దకం షెడ్లు కనిపిస్తాయి. పొడవాటి బల్లలు, వాటి మీద పరిచిన గుడ్డ, రంగులో ముంచి పడుతున్న టేకు అచ్చులు. ఇక్కడ తయారయ్యే గుడ్డను లోకం మచిలీపట్నం కలంకారీ అంటుంది.

ఇలాంటి షెడ్డు ఒకటి ఒక దళిత యువతిది అనుకుందాం. డిగ్రీ చదివింది, బ్యాంకు అప్పు తెచ్చింది, పదిమందికి పని ఇచ్చింది. అచ్చులు చెక్కే పెద్దాయనతో కూర్చుని కొత్త నమూనాలు వేయించింది. విదేశంలోని ఒక కొనుగోలుదారు శాంపిళ్లు పంపమన్నాడు. పంపింది. చిన్న ఆర్డరు ఒకటి వచ్చింది, ఆ తర్వాత రాలేదు. ఏడాది తిరిగేసరికి అదే నమూనా యంత్రం మీద అచ్చయిన గుడ్డగా, ఇంకొకరి లేబులుతో, ఆన్‌లైన్‌లో కనిపించింది. ఇప్పుడు ఆమె ఎవరి మీద, ఏ దేశంలో, ఏ చట్టం కింద, ఎవరి డబ్బుతో పోరాడాలి?

ఈ యువతి ఊహ మాత్రమే. ప్రశ్న మాత్రం చేతిపని మీద బతికే ప్రతి చిన్న యూనిట్‌కీ ఎదురయ్యేదే. మేధో సంపత్తి అనగానే మందుల కంపెనీలు, సాఫ్ట్‌వేరు కంపెనీలు గుర్తొస్తాయి. అది మన గొడవ కాదనుకుని ఉద్యమాలు కూడా పక్కకు తప్పుకున్నాయి. కానీ ఈ కృష్ణా డెల్టా చివరన నాలుగు వందల ఏళ్లుగా నడుస్తున్నది ఆ గొడవే.

ఒక వేరు, ఒక పేటెంటు

కలంకారీ ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి వచ్చేది. సముద్రతీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది. ఆల్చిప్పల సున్నం కలిసిన దివిసీమ నేలలో పెరిగిన వేరుకు మంచి పేరుండేది. ఆ వేరు ఉంటే సరిపోదు. గుడ్డకు కరక్కాయ, పాలు పట్టించాలి. ఎరుపు కావలసిన చోట పటిక అద్దాలి. నలుపుకు ఇనుము, బెల్లం నానబెట్టి తీసిన ద్రావకం వాడాలి. తర్వాత పారే నీళ్లలో ఉతకాలి, వేరుతో ఉడకబెట్టాలి, ఎండలో ఆరబెట్టాలి. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది, మిగతాది వదిలిపోతుంది. ఎన్నిసార్లు ఉతికినా ఆ ఎరుపు పోదు. ఐరోపాకు అప్పట్లో ఈ విద్య తెలియదు. ఇది రసాయన శాస్త్రం. బడికి వెళ్లనివ్వని మనుషుల చేతుల్లో పుట్టి పెరిగిన శాస్త్రం.

ఈ గుడ్డ కోసమే డచ్చివాళ్లు 1600ల మొదట్లో మచిలీపట్నం వచ్చారు. ఇంగ్లిష్ కంపెనీ 1611లో ఇక్కడ స్థావరం పెట్టింది. గుడ్డ ఐరోపాను ముంచెత్తేసరికి అక్కడి ప్రభుత్వాలు తమ నేతపరిశ్రమను కాపాడుకోవడానికి తలుపులు మూశాయి. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా కఠినమైన చట్టం చేసింది. ఈ నిషేధాలు నడుస్తుండగానే అదే విద్యను నేర్చుకునే పని కూడా సాగింది.

1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి పుదుచ్చేరిలో అద్దకం పని జరుగుతుంటే దగ్గరుండి చూశాడు. ప్రతి దశలోనూ ఒక గుడ్డముక్క కోయించి, దాని పక్కన వివరం రాసుకుని ఫ్రాన్స్‌కు పంపాడు. 1742లో కూర్దూ అనే జెస్యూట్ పాదిరి ఇదే విద్యను దశలవారీగా వివరిస్తూ ఉత్తరం రాశాడు. అది అచ్చయింది. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఇవి మచిలీపట్నంలో జరిగిన సంఘటనలు కావు. కానీ బందరు నుంచి పుదుచ్చేరి దాకా కోరమాండల్ తీరమంతా పంచుకున్న విద్య ఒకటే. పాదిరి పేరు చరిత్రలో ఉంది. ఆయనకు నమ్మి చెప్పినవాళ్లు కేవలం 'మతం మారినవాళ్లు'గా మిగిలారు. నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే, 1760లో, వెర్సాయ్ దగ్గర జూయీ అనే ఊళ్లో ఓబెర్‌కాంఫ్ అద్దకం కర్మాగారం తెరిచాడు. ఆ ఊరి పేరుతోనే ఆ గుడ్డ ఇప్పటికీ ప్రపంచంలో చెలామణీ అవుతోంది.

కథ అక్కడితో ఆగలేదు. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం అలిజరిన్. ఐరోపావాళ్లు వాడే మంజిష్ఠ జాతి వేరులోనూ ఉండేది అదే. 1868లో గ్రేబె, లీబెర్‌మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1869 జూన్ 25న బీఏఎస్ఎఫ్ కంపెనీ తరఫున లండన్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. మరునాడే, జూన్ 26న, ఇంగ్లిష్ రసాయనవేత్త పెర్కిన్ దరఖాస్తు పడింది. ఒక్క రోజు తేడా. కాగితం విలువ తెలిసినవాళ్లకు ఆ ఒక్క రోజు కూడా ముఖ్యమే. శతాబ్దాలుగా అదే ఎరుపును గుడ్డ మీద నిలబెట్టిన తీరప్రాంతపు మనుషులకు అలాంటి కార్యాలయం ఒకటి ఉందని కూడా తెలియదు. ఇవాళ పెడన షెడ్లలో ఎరుపు కోసం కొనేది చాలావరకు ఫ్యాక్టరీ అలిజరినే.

జర్మన్ శాస్త్రవేత్తలు దొంగలని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వాళ్లు చేసింది నిజమైన పరిశోధనే. చెప్పేదల్లా ఇది: చట్టం రక్షించేది తెలివిని కాదు, కాగితం మీద పేరున్న తెలివిని. చదువునూ చేతిపనినీ రెండు వేరు కులాలకు పంచిన సమాజంలో ఆ కాగితం ఎప్పుడూ చేతిపని వైపు రాలేదు.

పసుపు గెలిచింది, ఎందుకంటే పుస్తకం ఉంది

1995లో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పేటెంటు తీసుకుంది. మన సీఎస్ఐఆర్ సవాలు చేస్తే 1997లో రద్దయింది. దేశమంతా సంబరపడింది. కానీ అది ఎలా రద్దయిందో చూడాలి. ప్రాచీన సంస్కృత గ్రంథం, 1953లో వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసం వంటి రాతపూర్వక ఆధారాలు చూపించారు. మా అమ్మమ్మ పసుపు రాసేది అంటే ఆ కార్యాలయంలో చెల్లదు.

ఆ అనుభవంతో 2001లో సంప్రదాయ విజ్ఞానపు డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలను విదేశీ పేటెంటు కార్యాలయాలకు అర్థమయ్యే భాషల్లోకి మార్చి ఇచ్చారు. మంచి పనే. కానీ గ్రంథం రాసుకునే హక్కు ఉన్నవాళ్ల విజ్ఞానానికే ముందు గొడుగు దొరికింది. తోలు పదును చేసే విద్యకు, గుడ్డ ఉడకబెట్టే విద్యకు, చేపల వలకు మందు పట్టించే విద్యకు గ్రంథాలు లేవు. ఉత్పత్తి కులాల విజ్ఞానాన్ని విజ్ఞానంగా గుర్తించాలని కంచ ఐలయ్య వంటివాళ్లు ఎప్పటినుంచో అంటున్నది ఇందుకే. అది ఆత్మగౌరవపు మాటే కాదు, మార్కెట్లో ఆధారం చూపించుకునే అవసరం కూడా.

ఇంకో చిక్కు ఉంది. మన పేటెంటు చట్టం ప్రకారం సంప్రదాయ విజ్ఞానం కొత్త ఆవిష్కరణ కిందికి రాదు. అంటే పెడన అద్దకం పద్ధతికి పెడనవాళ్లు కూడా పేటెంటు తీసుకోలేరు. విదేశీయుడు తీసుకోకుండా అడ్డుకునే అదే సూత్రం, మనవాళ్లనూ బయటే నిలబెడుతుంది. మిగిలిన దారి పేరు. దాన్నే భౌగోళిక గుర్తింపు, జీఐ అంటున్నాం.

జీఐ ఏం కాపాడుతుంది, ఏం కాపాడదు

జీఐ చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. మచిలీపట్నం కలంకారీకి ఆ గుర్తింపు దక్కింది. బందరు లడ్డుకూ దక్కింది. పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని చట్టంలో ఉంది. వినడానికి గట్టిగానే ఉంది. మరి బజారునిండా 'కలంకారీ ప్రింటు' పేరుతో యంత్రం గుడ్డ ఎలా అమ్ముతున్నారు?

మొదటి కారణం: రక్షణ 'మచిలీపట్నం కలంకారీ' అనే పేరుకు. 'కలంకారీ' అనే మాటొక్కదాన్నీ ఒకరి సొత్తుగా చేయడం కష్టం. అది పని పేరుగా వాడుకలో కలిసిపోయింది.

రెండో కారణం: జీఐ నమూనాను కాపాడదు, పద్ధతిని కాపాడదు. మన పేరు వాడకుండా మన డిజైను ఎత్తుకుపోతే జీఐ ఉల్లంఘన అని నిరూపించడం కష్టం.

మూడో కారణం, విదేశీ మార్కెట్‌కు అసలైనది: మన జీఐ మన సరిహద్దు దాకే. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ ఒప్పందంలో అన్ని జీఐలకూ ఒకే కొలత లేదు. వైన్‌కు, సారాయి రకాలకు 23వ అధికరణం కింద గట్టి రక్షణ ఉంది. 'ఫలానా తరహా' అని పక్కన రాసి కూడా ఆ పేరు వాడకూడదు. మిగతా సరుకులన్నిటికీ 22వ అధికరణం. కొనేవాడు మోసపోయాడని మనం చూపించాలి. ఐరోపా సారాయికి ఒక న్యాయం, పెడన గుడ్డకు ఒక న్యాయం. ఈ అంతరం తీసేయమని భారత్ వంటి దేశాలు ఏళ్లుగా అడుగుతున్నా తేలలేదు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సొంత దేశంలో రక్షణ లేని పేరును మిగతా దేశాలు రక్షించాల్సిన పనిలేదని అదే ఒప్పందంలో ఉంది. కాబట్టి ఇంట్లో నమోదు మొదటి మెట్టు, అదే చివరి మెట్టు కాదు.

డార్జిలింగ్ టీ ఆ తర్వాతి మెట్లు ఎక్కింది. అమెరికాలో ధ్రువీకరణ మార్కుగా, 2011లో ఐరోపా యూనియన్‌లో జీఐగా నమోదైంది. దాని వెనుక టీ బోర్డు ఉంది, వకీళ్లు ఉన్నారు, డబ్బు ఉంది. అద్దకం పనివాళ్ల వెనుక అలాంటి బోర్డు ఏది?

మిలాన్‌లో కొల్హాపురి చెప్పు

మనకు దగ్గరి అద్దం 2025లో దొరికింది. జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో ప్రాడా కంపెనీ మోడళ్లు వేసుకున్న చెప్పులు అచ్చం కొల్హాపురి చెప్పుల్లా ఉన్నాయి. కంపెనీ ముందు కొల్హాపూర్ మాట ఎత్తలేదు. గొడవ పెరిగాక, భారతీయ చేతిపని స్ఫూర్తి అని ఒప్పుకుంది. కొల్హాపురి చెప్పు తరతరాలుగా దళిత చర్మకారుల పని. ఆ తోలు ముట్టిన చేతుల్ని అంటరానివన్న సమాజం, ఆ తోలును ఇటలీవాడు ఎత్తుకుపోగానే 'మన సంస్కృతి' అని గగ్గోలు పెట్టింది.

కొల్హాపురి చెప్పులకు 2019 నుంచి జీఐ ఉంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఎనిమిది జిల్లాలకు వర్తిస్తుంది. నమోదిత యజమానులు ఆ రెండు రాష్ట్రాల ప్రభుత్వ చర్మ పరిశ్రమల సంస్థలు: సంత్ రోహిదాస్ పేరిట ఒకటి, బాబూ జగజీవన్‌రామ్ పేరిట ఒకటి. కొందరు న్యాయవాదులు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే, జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. మీరు బాధితులు కారు, హక్కున్న నమోదిత యజమాని వచ్చి అడగాలి అన్నది దాని సారాంశం. డిసెంబరులో ఆ రెండు సంస్థలతో ప్రాడా ఒప్పందం చేసుకుంది. మహారాష్ట్ర, కర్ణాటకల్లో 2 వేల జతలు చేయించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామంది.

దీంట్లో మనకు మూడు పాఠాలున్నాయి. ఒకటి, ప్రాడా 'కొల్హాపురి' అనే పేరు వాడలేదు కాబట్టి జీఐ ఒక్కటే అయితే కేసు బలహీనం. దాన్ని బల్ల దగ్గరకు తెచ్చింది చట్టం కన్నా జనం గొంతు. రెండు, జనం గొంతెత్తినా సంతకం పెట్టే అధికారం కాగితం మీద పేరున్నవాడిదే. అక్కడ ఆ పేరు చర్మకారుల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థలది కాబట్టి కనీసం అడగడానికి ఒక గడప ఉంది. మూడు, 800 యూరోల్లో చెప్పు కుట్టిన చేతికి ఎంత అనే ప్రశ్న ఒప్పందంతో తీరదు, ఒప్పందంతోనే మొదలవుతుంది.

మన చట్టంలో 'ఉత్పత్తిదారు' ఎవరు?

విదేశీయుడి మీద వేలెత్తే ముందు మన చట్టంలో ఒక నిర్వచనం చదవాలి. జీఐ చట్టం రెండో సెక్షన్ ప్రకారం చేతివృత్తుల సరుకు విషయంలో ఉత్పత్తిదారు అంటే తయారుచేసేవాడు మాత్రమే కాదు. ఆ సరుకుతో వ్యాపారం చేసేవాడు కూడా. అంటే అద్దకం బల్ల ముందు నిలబడి మోకాళ్లు అరగదీసుకున్న మనిషీ, ఆ గుడ్డను కొని మారుబేరం చేసేవాడూ చట్టం ముందు ఒకే వరసలో ఉంటారు. ఒకే వరసలో నిలబడ్డప్పుడు ఎవరి గొంతు వినిపిస్తుందో మన ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

జీఐలో రెండు స్థాయిలున్నాయి. పేరు నమోదు చేయించుకున్న సంఘమో సంస్థో నమోదిత యజమాని. ఆ పేరు వాడుకునే హక్కు నమోదు చేయించుకున్న ప్రతి ఉత్పత్తిదారూ అధీకృత వినియోగదారు. చాలామంది మొదటిది వచ్చాక పని అయిపోయిందనుకుంటారు. నిజానికి రోజువారీ బలం రెండోదాంట్లో ఉంది. అధీకృత వినియోగదారుకు సొంతంగా కోర్టుకెళ్లే హక్కుంది. 2020 సవరణ తర్వాత ఆ దరఖాస్తు రుసుము 10 రూపాయలు. పది రూపాయలు కట్టలేక ఎవరూ ఆగరు. ఆగేది ఫారం ఇంగ్లిష్‌లో ఉన్నందుకు, నేనే తయారుచేస్తానని రుజువు చూపించలేనందుకు. కూలికి అద్దకం చేసే మనిషి దగ్గర బిల్లు పుస్తకం ఉండదు. షెడ్డు ఆమెది కాదు, అచ్చులు ఆమెవి కావు. గుడ్డ ఉతికి ఉడకబెట్టేవాళ్ల సంగతి సరేసరి. వాళ్లు లేకపోతే ఎరుపు లేదు, అయినా వాళ్లను ఉత్పత్తిదారులుగా ఎవరూ లెక్కపెట్టరు.

కులం పనిని విడగొట్టడం దగ్గర ఆగదని, పనిచేసే మనుషుల్నే మెట్లుమెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో చూపించారు. జీఐ రిజిస్టరును చేతిలో పట్టుకుని ఆ పుస్తకం చదవాలి. మాలలు ముతకగుడ్డ నేసేవాళ్లని మద్రాసు రాష్ట్రం కాలపు రాతల్లో ఉంది. ఇవాళ చేనేత వారసత్వం అనగానే ఎవరికి ఆ సంగతి గుర్తొస్తుంది? వారసుల జాబితా రాసేటప్పుడు పేరు జారిపోతే, తర్వాత వచ్చే సొమ్ములో వాటా కూడా జారిపోతుంది.

చిన్న యూనిట్ చేతిలో ఉన్న పనిముట్లు

మొదట అనుకున్న యువతి దగ్గరకు తిరిగి వద్దాం. ఆమె ఏం చేసి ఉండాల్సింది?

శాంపిలు పంపకముందే డిజైను నమోదుకు దరఖాస్తు పెట్టాలి. డిజైను కొత్తది అయి ఉండాలి. లోకానికి చూపించాక కొత్తదనం పోతుంది. మన డిజైన్ల చట్టంలో రక్షణ పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. నమోదు చేయకుండా కాపీరైటు ఉందిలే అని ఊరుకుంటే మరో గుంట ఉంది. నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుల మీద వేస్తే ఆ డిజైను మీద కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ అంటుంది. ఒక్క తాను గుడ్డకే ఆ లెక్క దాటిపోవచ్చు.

ఇక్కడ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపు విదేశాల్లో పెడితే, పారిస్ ఒప్పందం కింద మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. పేటెంటుకైతే పన్నెండు నెలలు. డిజైన్ల హేగ్ వ్యవస్థలో భారత్ చేరలేదు కాబట్టి ఆ పని దేశం దేశానికీ విడిగా చేయాలి. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలను ప్రభుత్వం విదేశీ ప్రదర్శనలకు పంపే పథకాలున్నాయి. విమానం టికెట్టు ఇచ్చేవాళ్లు, ప్రదర్శనలో గుడ్డ పరిచేముందు డిజైను దరఖాస్తు పెట్టావా అని అడగాలి. లేకపోతే మన డబ్బుతో మనమే మన నమూనాను వీధిలో పెట్టినట్టు.

సొంత పేరుకు ట్రేడ్‌మార్క్ ఉండాలి. చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు. భారత్ 2013లో మాడ్రిడ్ వ్యవస్థలో చేరింది కాబట్టి ఒకే దరఖాస్తుతో చాలా దేశాలు అడగొచ్చు. కానీ అక్కడ ప్రాథమిక రుసుమే 653 స్విస్ ఫ్రాంకులు, ఆపైన ప్రతి దేశానికీ వేరే రుసుము. పైగా మొదటి ఐదేళ్లలో ఇక్కడి మార్కు రద్దయితే అన్ని దేశాల్లోనూ కూలిపోతుంది.

కొత్తగా కనిపెట్టిన పద్ధతి ఏదైనా ఉంటే, ఉదాహరణకు తక్కువ నీటితో ఉతికే విధానం, దానికి పేటెంటు అడగొచ్చు. లేదా రహస్యంగా ఉంచొచ్చు. రహస్యం సంగతి చిలకలపూడి రోల్డుగోల్డు పనివాళ్లకు తెలుసు. పూత పని తెలిసినవాడు చేయి మారితే విద్య కూడా వెళ్లిపోతుంది. మన దేశంలో వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024 మార్చిలో 289వ నివేదికలో అలాంటి చట్టం కావాలంది. అది వస్తే జాగ్రత్తగా చదవాలి. యజమాని రహస్యాన్ని కాపాడే పేరుతో కూలివాడి చేతిలోని నైపుణ్యాన్ని బంధించే చట్టం కాకూడదు.

ఇప్పుడు ఒక కొత్త తలుపు తెరుచుకుంది. ఐరోపా యూనియన్‌లో ఇన్నాళ్లూ యూనియన్ స్థాయి జీఐ ఆహార, వ్యవసాయ సరుకులకే, మద్యానికే. 2023లో చేసిన కొత్త నిబంధన చేతివృత్తులకు, పారిశ్రామిక వస్తువులకు కూడా దాన్ని విస్తరించింది. 2025 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. బయటి దేశాల ఉత్పత్తిదారుల సంఘాలు కూడా, సొంత దేశంలో రక్షణ ఉందని చూపించి దరఖాస్తు పెట్టొచ్చు. 'ఫలానా తరహా' అనే దొంగదారి కూడా అందులో మూసేశారు. నమోదు అయితే ఫ్రాన్స్‌లోనైనా, ఇటలీలోనైనా ఆ పేరు పెడన బల్లలకే చెందుతుంది. మూడు శతాబ్దాల కింద మన గుడ్డను నిషేధించిన గడ్డ మీద ఇది చిన్న విషయం కాదు.

ముందు కట్టు, తర్వాత ఇస్తాం

డబ్బు సంగతికి వద్దాం. కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ పథకంలో విదేశీ పేటెంటుకు 5 లక్షల దాకా, జీఐకి 2 లక్షల దాకా, డిజైనుకు 15 వేల దాకా, ట్రేడ్‌మార్కుకు 10 వేల దాకా సాయం ఉంది. కాగితం మీద బాగుంది. కానీ అది రీయింబర్స్‌మెంట్. ముందు మనం ఖర్చుపెట్టాలి, నమోదు అయ్యాక బిల్లులు చూపించి అడగాలి. చేతిలో పెట్టుబడి ఉన్నవాడికి అది సాయం. తాకట్టు పెట్టడానికి సెంటు భూమి లేనివాడికి అది గోడ మీద రాసిన బెల్లం. స్కాలర్‌షిప్పు తర్వాత వస్తుంది, ఫీజు ఇప్పుడు కట్టు అన్న కాలేజీ మాట మన విద్యార్థులకు కొత్త కాదు. ఆ గోడే ఇక్కడా ఉంది.

ప్రభుత్వ కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ చిన్న సంస్థలకు 4 శాతం వాటా 2012 విధానంలో ఉంది. 2016లో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ పెట్టారు. ఇవన్నీ సరుకు అమ్ముకోవడం గురించి. పేరు కాపాడుకోవడం గురించి అంత శ్రద్ధ లేదు. దళిత పెట్టుబడి గురించి మాట్లాడేవాళ్లూ రుణాల దగ్గర ఆగిపోతున్నారు. అప్పు తీరిపోతుంది. పేరు నిలుస్తుంది, లేదా ఇంకొకరిదైపోతుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. మచిలీపట్నం కలంకారీ పేరుతో ఐరోపాలో దరఖాస్తు పెట్టేలా పెడన సంఘానికి వకీలునూ ఖర్చునూ రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. అధీకృత వినియోగదారుల జాబితాలో అచ్చులు చెక్కేవాళ్లు, అద్దేవాళ్లు, ఉడకబెట్టేవాళ్లు, ఉతికేవాళ్లు పేరుపేరునా ఉండాలి. కూలికి పనిచేసేవాళ్లకు బిల్లు బదులు తోటివాళ్ల సాక్ష్యం, చేసిన పని చాలాలి. ఫారం తెలుగులో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ చిన్న సంస్థలకు మేధో సంపత్తి ఖర్చు ముందే చెల్లించాలి. చట్టంలో ఉత్పత్తిదారు నిర్వచనం నుంచి వ్యాపారిని విడదీయాలి, లేదా కనీసం సంఘాల పాలకవర్గంలో చేతిపని చేసేవాళ్లకే మెజారిటీ ఉండాలి.

ఇవి వచ్చేదాకా ఆగకుండా మొదలుపెట్టగలిగిన పని కూడా ఒకటుంది. బందరులోనూ గుడివాడలోనూ లా, కామర్స్, కెమిస్ట్రీ చదివే మన పిల్లలున్నారు. ఒక సెలవు రోజు పెడన వెళ్లి ఒక షెడ్డులో కూర్చోండి. ఏ నమూనా ఎవరు చెక్కారు, ఏ ఏడు చెక్కారు, ఏ రంగు ఎలా కడతారు, ఎవరు నేర్పారు అని పనిచేసేవాళ్ల మాటల్లోనే, తేదీ వేసి, వాళ్ల పేర్లతో రాయండి. ఏది లోకానికి చూపించాలో, ఏది రహస్యంగా ఉంచాలో వాళ్లనే నిర్ణయించనివ్వండి. ఆ పది రూపాయల ఫారం నింపిపెట్టండి.

1742లో ఒక పాదిరి వచ్చి ఇలాగే అడిగాడు, రాసుకున్నాడు, తీసుకెళ్లాడు. ఈసారి రాసేది మన పిల్లలు కావాలి. ఆ కాగితం చెప్పినవాళ్ల దగ్గరే ఉండాలి.